పచ్చనీరా, మట్టినీరా?

ఆగస్టులో కళింగపట్నం ఒడ్డున నిలబడి చూస్తే సముద్రం ఒక్క రంగులో ఉండదు. వంశధార వచ్చి కలిసే చోట పాలు ఎక్కువైన టీ రంగు, దాని అంచున పసుపు కలిసిన ఆకుపచ్చ చార, ఆపైన దూరంగా నీలం. ఒక రంగు ఎక్కడ ఆగి ఇంకోటి ఎక్కడ మొదలవుతుందో బందరువానిపేట వేటగాళ్ళకి కంటితోనే తెలుస్తుంది. 700, 800 కిలోమీటర్ల ఎత్తున తిరిగే ఉపగ్రహాలకీ అవే రంగులు కనిపిస్తాయి. అయితే ఏ రంగు దేనివల్ల వచ్చిందో వాటికి తెలియదు. ఆ పని నేల మీదున్నవాళ్ళదే.

ఆ పచ్చదనం వృక్ష ప్లవకాలది. కంటికి ఆనని ఒంటికణం మొక్కలవి. నీటి పైపొరల్లో తేలుతూ ఎండను తిని బతుకుతాయి. భూమ్మీద మొత్తం కిరణజన్య సంయోగక్రియలో దాదాపు సగం సముద్రాల్లోని ఈ మొక్కలదే. వీటిని తినే చిన్న జంతు ప్లవకాలు, ఆ రెంటినీ తినే నెత్తళ్ళు, కవళ్ళు, వాటి వెంటపడే కోనెం. ఇచ్ఛాపురం నుంచి భోగాపురం దాకా మన రెండు జిల్లాల తీరం, శ్రీకాకుళానిది 193 కిలోమీటర్లు, విజయనగరానిది 28, ఈ పచ్చదనం మీదే బతుకుతోంది. పాతికేళ్ళ పైచిలుకు కాలంలో అది పెరిగిందా, తగ్గిందా, అలాగే ఉందా అన్నది లెక్కకట్టే పద్ధతి ఇక్కడ రాస్తున్నాను. ల్యాప్‌టాప్, ఇంటర్నెట్, కొంచెం పైథాన్ వస్తే డిగ్రీ కాలేజీ విద్యార్థి కూడా చేయవచ్చు. ఉపగ్రహ సమాచారం చాలావరకు ఉచితం. నేను తప్పటడుగు వేసిన చోటు కూడా దాచకుండా చెబుతాను, ఎందుకంటే అసలు పని అక్కడే ఉంది.

ముందుగా పటం మీద గీత గీసుకోవాలి. ఉత్తర అక్షాంశం 17.9 నుంచి 19.2 దాకా, తూర్పు రేఖాంశం 83.4 నుంచి 85.5 దాకా ఒక దీర్ఘచతురస్రం గీస్తే మన తీరమంతా అందులో పడుతుంది. కానీ మన తీరం ఏటవాలుగా, నైరుతి నుంచి ఈశాన్యానికి సాగుతుంది. అందుకని దీర్ఘచతురస్రంలో పై ఎడమ మూలంతా నేల, కింది కుడి మూలంతా లోతు సముద్రం. దాని మొత్తానికి సగటు తీస్తే ఒడ్డు సంగతి లోతు సముద్రంలో మునిగిపోతుంది. కాబట్టి జెబ్కో వాళ్ళు ఉచితంగా ఇచ్చే లోతుల పటం తీసుకుని నీటిని మూడు పట్టీలుగా కోయండి: 30 మీటర్ల లోతు వరకు ఒకటి, 30 నుంచి 200 వరకు ఒకటి, అవతలిది మూడోది. నేలను తాకే గడులు తీసేయాలి. ఒడ్డు ఇసుక వెలుతురు పక్కనున్న నీటి గడిలోకి కారి లెక్క పాడుచేస్తుంది. దీర్ఘకాల సమాచారంలో ఒక గడి 4 కిలోమీటర్ల పొడవు, 4 కిలోమీటర్ల వెడల్పు. అంటే విజయనగరం తీరమంతా వరసపెడితే ఏడు గడులు. చంపావతి కలిసే కోనాడ దగ్గర మీ దగ్గరుండే సమాచారం అంతే. ఈ కొలత మనసులో ఉంటే తర్వాత అతిగా మాట్లాడకుండా ఉంటాం.

ఇక సమాచారం. ఏ ఉపగ్రహమూ పాతికేళ్ళు ఏకధాటిగా మంచి కంటితో బతకదు. సముద్రం రంగు చూడ్డానికని పంపిన మొదటి పరికరం 1978లో నింబస్-7 మీద ఎక్కిన సీజడ్‌సీఎస్. అది 1986తో ఆగిపోయింది. ఆ తర్వాత దాదాపు పదేళ్ళ ఖాళీ. 1997 సెప్టెంబరులో సీవిఫ్స్ చూపు మొదలై 2010 డిసెంబరు దాకా సాగింది. ఈలోగా 2002లో ఆక్వా మీద మోడిస్, ఎన్విశాట్ మీద మెరిస్ వచ్చాయి. 2011లో విర్స్, 2016లో సెంటినెల్-3 వచ్చాయి. మన ఓషన్‌శాట్‌లు శ్రీహరికోట నుంచే లేచాయి: మొదటిది 1999 మే 26న, రెండోది 2009 సెప్టెంబరు 23న, ఈవోఎస్-06 పేరుతో మూడోది 2022 నవంబరు 26న. వాటి ఓసీఎం కెమెరా గడి సుమారు 360 మీటర్లే కాబట్టి వంశధార మొగ లాంటి చోట్లను దగ్గరగా చూడాలంటే అదే మేలు. ఆ సమాచారం ఎన్‌ఆర్‌ఎస్‌సీ వారి భూనిధి పోర్టల్‌లో దొరుకుతుంది.

ఒక కన్ను కొంచెం నీలంగా చూస్తుంది, ఇంకోటి కొంచెం పచ్చగా. వాటి లెక్కలు మనంతట మనం అతికిస్తే, 2002లో కొత్త కన్ను వచ్చినప్పుడు పడిన అతుకే సముద్రంలో వచ్చిన మార్పులా కనిపిస్తుంది. అందుకే దీర్ఘకాల ధోరణికి యూరప్ అంతరిక్ష సంస్థ ఓసీ-సీసీఐ పేరుతో సరిచేసి కలిపిన నెలవారీ సమాచారం వాడండి. అది 1997 సెప్టెంబరు నుంచి ఉంది. నెట్‌సీడీఎఫ్ ఫైళ్ళుగా వస్తుంది. ఓషన్‌శాట్, సెంటినెల్ చిత్రాలను దగ్గరి చూపుకి పెట్టుకోండి.

ఆ ఫైళ్ళలోని పత్రహరితం అంకె ఎలా పుట్టిందో తెలియకుండా ముందుకు పోకూడదు. ప్లవకాల్లోని పత్రహరితం నీలి వెలుతురును మింగేస్తుంది, ఆకుపచ్చను అంతగా ముట్టుకోదు. కాబట్టి నీటిలోంచి పైకి వచ్చే వెలుతురులో 443, 490, 510 నానోమీటర్ల నీలి పట్టీల్లో ఏది బలంగా ఉంటే దాన్ని తీసుకుని, 555 దగ్గరి ఆకుపచ్చతో భాగిస్తారు. ఆ నిష్పత్తి నుంచి ఓసీ4 అనే సూత్రం పత్రహరితాన్ని కడుతుంది. సీవిఫ్స్ నాటి సూత్రంలో వేసి చూడండి. నిష్పత్తి 4 అయితే ఘనమీటరు నీటిలో పత్రహరితం సుమారు 0.14 మిల్లీగ్రాములు. అది నడిసముద్రపు నీలినీరు. నిష్పత్తి 2 అయితే సుమారు 0.4. రెండు రంగులూ సమానమై నిష్పత్తి 1కి దిగితే సుమారు 2.3. నిష్పత్తి సగానికి పడితే పత్రహరితం రెట్టింపు కాదు, అయిదారు రెట్లు కూడా అవుతుంది. చిన్న రంగు పొరపాటు ఎంత పెద్ద అంకె పొరపాటవుతుందో దీన్నిబట్టే అర్థమవుతుంది.

పైగా ఉపగ్రహానికి చేరే వెలుతురులో దాదాపు 90 శాతం గాలిదే, నీటిది కాదు. ఆ గాలి వెలుతురును ముందుగానే లెక్కకట్టి తీసేస్తారు. చలికాలంలో గంగా మైదానం మీది పొగ ఈశాన్య గాలితో బంగాళాఖాతం మీదికి వస్తుంది. నీలి వెలుతురును మింగే ఆ పొగను సరిగ్గా తీయకపోతే నీరు ఉన్నదానికంటే పచ్చగా లెక్కలోకి వస్తుంది. మే నెలలో మన అక్షాంశం మీద సూర్యుడు నడినెత్తిన ఉంటాడు. నీటి తళుకు నేరుగా కెమెరాలో కొట్టి, కెమెరాను పక్కకు వంచే ఏర్పాటు లేని మోడిస్‌కి ఆ రోజుల్లో చాలా గడులు పోతాయి. జూన్ నుంచి సెప్టెంబరు దాకా మబ్బులు. అందుకే ప్రతి గడి పక్కనా ఆ నెలలో ఎన్ని చూపులు పడ్డాయన్న అంకె కూడా తీసుకోండి, అదీ ఆ ఫైళ్ళలోనే ఉంటుంది. జులై నెలంతటికీ ఒక్క చూపే దొరికితే అది జులై సగటు కాదు, మబ్బు విరిసిన ఒక్క రోజు సంగతి. అలాంటి నెలలు నేను ఖాళీగా వదిలేస్తాను. గ్రాఫులో ఖాళీ ఉంటే చూడ్డానికి బాగోదు, కానీ నిజానికి దగ్గరగా ఉంటుంది.

సగటు తీసే తీరు కూడా ముఖ్యం. అయిదు గడుల్లో నాలుగు 0.5, ఒకటి 20 అనుకుందాం. మామూలు సగటు 4.4 వస్తుంది, అలాంటి నీరు ఆ అయిదింటిలో ఎక్కడా లేదు. లాగరిథం తీసి సగటు కట్టి వెనక్కి తిప్పితే 1.05 వస్తుంది. పత్రహరితానికి ఈ రెండో తీరే సరి.

ఇక్కడిదాకా వచ్చాక నేను మొదటి గ్రాఫు గీశాను. 30 మీటర్ల లోపలి పట్టీలో ప్రతి ఆగస్టు, సెప్టెంబరుల్లో పెద్ద శిఖరం. నదులు పోషకాలు మోసుకొస్తాయి, ప్లవకాలు విరగపండుతాయి అని పుస్తకాల్లో చదివిన మాటకి సరిగ్గా సరిపోయింది. ఆ సంతోషంలోనే ఆ గ్రాఫు పట్టుకుని తీరానికి వెళ్ళాను. వల బాగుచేసుకుంటున్న ఒక పెద్దాయన కాసేపు చూసి అన్నాడు: “మట్టినీరు ఏరు, పచ్చనీరు ఏరు బాబూ. మట్టినీట్ల వలేస్తే మడ్డి అంటుతాది, దులిపేస్తే పోతాది. పచ్చనీట్ల ఏస్తే జిగురట్టీస్తాది, ఎండబెట్టినా పోదు.”

సూత్రం చేసిన తప్పేమిటో ఆయన మాటతోనే తెలిసింది. నీలం తగ్గి పచ్చ పెరిగితే పత్రహరితం అని అది అనుకుంటుంది. వరదనీటిలో కొండల మీది ఆకులు నాని దిగిన పసుపు రసం ఉంటుంది. అదీ నీలాన్ని మింగుతుంది. ఒండ్రు మట్టి అన్ని రంగులనూ వెనక్కి కొడుతుంది, నీలాన్ని మాత్రం తక్కువగా. ఈ రెండూ కలిసిన నీటిలో ఒక్క ప్లవకం లేకపోయినా నిష్పత్తి 1కి దిగిపోతుంది. నడిసముద్రం కోసం చేసిన సూత్రాన్ని నదీముఖం మీద పెడితే జరిగేది ఇదే. మనకి ఇచ్ఛాపురం దగ్గర బాహుదా, బారువ దగ్గర మహేంద్రతనయ, కళింగపట్నం దగ్గర వంశధార, ఆ దిగువన నాగావళి, కోనాడ దగ్గర చంపావతి ఉన్నాయి. వానలు పెరిగి మట్టి ఎక్కువ దిగినా, ఆనకట్టల వెనక మట్టి ఆగిపోయి తక్కువ దిగినా, పాతికేళ్ళ గ్రాఫులో అది ప్లవకాలు పెరిగినట్టో తగ్గినట్టో పడుతుంది. తీరప్రాంతపు ఉపగ్రహ లెక్కల్లో నన్ను అన్నిటికన్నా ఎక్కువ భయపెట్టేది ఇదే. అందరికీ ఉచితంగా దొరికే సమాచారంలోంచి నిమిషంలో గీయగల గ్రాఫు, అందంగా, తప్పుగా.

దీనికి మందు బకెట్టు.

కావలసినవి తక్కువ. ఒక తెల్లటి పళ్ళెం, 30 సెంటీమీటర్ల వెడల్పుది. దాని మధ్యలో తాడు, కింద బరువు, తాడుకి అరమీటరుకొక ముడి. ఇటలీకి చెందిన సెక్కి 1865లో మొదలుపెట్టిన పద్ధతి ఇది. స్టీలు పళ్ళేనికి తెల్ల ఎనామెల్ వేసి మనమే చేసుకోవచ్చు. పడవకి నీడ పడే వైపు నీటిలోకి దించుతూ, కంటికి మాయమైన చోట ముడులు లెక్కపెట్టాలి. ఆ తర్వాత బకెట్టుతో నీరు తీసి నల్ల గుడ్డ చుట్టిన సీసాలో మంచుపెట్టెలో పెట్టాలి. ఒడ్డుకు చేరాక అర లీటరు నుంచి లీటరు దాకా నీటిని 0.7 మైక్రాన్ల గాజునార వడపోత కాగితం మీద పంపుతో లాగించాలి.

ఆ కాగితం దగ్గరే ఆగి చూడండి. మార్చిలో తీసిన నీరైతే కాగితం మీద పలచని గోధుమ బంగారు రంగు పొర, వేలితో తాకితే జారుడు. సెప్టెంబరు నీరైతే ఎర్రమట్టి పూత, సగం నీరు దిగకుండానే కాగితం పూడుకుపోతుంది. ఇప్పుడు రెంటినీ వేర్వేరు గొట్టాల్లో 90 శాతం అసిటోన్‌లో నానబెట్టి, వెలుతురు తగలకుండా ఫ్రిజ్‌లో ఒక రాత్రీ ఒక పగలూ ఉంచండి. మర్నాడు మార్చి గొట్టంలో అసిటోన్ లేత ఆకుపచ్చగా మారి ఉంటుంది. సెప్టెంబరు గొట్టంలో అడుగున మట్టి పేరుకుని, పైన అసిటోన్‌కి పచ్చదనం పట్టీ పట్టనట్టు ఉంటుంది. పత్రహరితం అసిటోన్‌లో కరుగుతుంది, మట్టి కరగదు. ఉపగ్రహం విడదీయలేనిదాన్ని ఈ గొట్టం విడదీసింది. ఆ పచ్చదనం ఎంతో స్పెక్ట్రోఫోటోమీటర్ అంకెల్లో చెబుతుంది. అది చాలా జంతుశాస్త్రం, రసాయనశాస్త్రం ప్రయోగశాలల్లో ఉంటుంది.

ఒక చిక్కు సమయంతో వస్తుంది. ఉపగ్రహం దాటిన సమయానికి మూడు గంటలు అటూ ఇటూ లోపల తీసిన నీటినే దానితో పోల్చాలి. సెంటినెల్-3 మన మీదుగా పొద్దున్న పది ప్రాంతంలో, ఓషన్‌శాట్ పన్నెండు ప్రాంతంలో పోతాయి. మన పడవలు తెల్లవారుజామున వెళ్ళి ఆ వేళకి తిరుగుముఖంలో ఉంటాయి. మనకోసం ఆగితే ఆ పూట వేట పోయినట్టే. ఆ డబ్బు ముందే మాట్లాడుకుని ఇవ్వాలి. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు వేట నిషేధం కాబట్టి ఆ రెండు నెలలకి అనుమతి సంగతి కూడా ముందే చూసుకోవాలి.

పది పన్నెండు రోజుల నీళ్ళు చేతిలో ఉంటే ఉపగ్రహ సమాచారంలో మట్టి గడులను పట్టుకోవచ్చు. 670 నానోమీటర్ల ఎరుపు పట్టీ చూడండి. స్వచ్ఛమైన నీరూ, మామూలుగా ప్లవకాలున్న నీరూ ఎరుపును దాదాపు తిప్పి పంపవు. మట్టినీరు పంపుతుంది. ఎరుపు ఎంత దాటితే మట్టి అనాలో పుస్తకంలో వెతకవద్దు, మీ బకెట్టు చెబుతుంది. ఆ గీత దాటిన గడులను వేరే సంచిలో వేయండి, పారేయవద్దు. వంశధార మీద గొట్టా బ్యారేజీ, నాగావళి మీద తోటపల్లి దగ్గర ఏ రోజు ఎన్ని క్యూసెక్కులు వదిలారో తెలుసుకుని పక్కన పెడితే, ఎర్రగడులు ఏ వరదతో వచ్చాయో తేదీలతో సహా కనిపిస్తుంది. నా ఆగస్టు శిఖరంలో చాలా భాగం అలా మట్టి సంచిలోకి పోయింది. మిగిలిన గ్రాఫులో ఫిబ్రవరి, ఏప్రిల్ మధ్య అంతకుముందు మట్టి నీడలో దాగిన ఇంకో శిఖరం తేలింది.

ఆ శిఖరం మన తీరానికి కొత్తది కాదు. ఫిబ్రవరి నుంచి నైరుతి గాలి తీరం వెంబడి వీస్తుంది, తీరప్రవాహం ఉత్తరానికి సాగుతుంది, పైనీరు ఒడ్డు విడిచి లోపలికి జరుగుతుంది. ఖాళీ అయిన చోటికి అడుగు నుంచి చల్లని, పోషకాలున్న నీరు ఉబికి వస్తుంది. 1950లలో ఆంధ్ర విశ్వవిద్యాలయానికి వచ్చిన అమెరికా సముద్ర శాస్త్రవేత్త యూజీన్ లాఫాండ్, ఇక్కడివారితో కలిసి విశాఖ తీరంలో ఈ ఉబుకును కొలిచారు. ఆ రుతువులో విరగపండేవాటిలో ఆస్టీరియోనెల్లాప్సిస్ గ్లేసియాలిస్ ఒకటి. సూక్ష్మదర్శినిలో నక్షత్రంలా అమరిన కణాలు. విశాఖ దగ్గరా, గోపాలపూర్ దగ్గరా దాన్ని శాస్త్రవేత్తలు చాలాసార్లు నమోదు చేశారు. మన రెండు జిల్లాలూ ఆ రెంటి మధ్యలోనే ఉన్నాయి. మిగతా బంగాళాఖాతంలో నదుల మంచినీరు పైన మూతలా పరుచుకుని అడుగు నీటిని పైకి రానివ్వదు. అందుకే ఈ వసంతపు ఉబుకు మనకి అంత విలువైనది.

అక్టోబరు, నవంబరులు తుఫానులవి. 2013 అక్టోబరు 12న ఫైలిన్ గోపాలపూర్ దగ్గర, సరిగ్గా ఏడాదికి హుద్‌హుద్ విశాఖ దగ్గర, 2018 అక్టోబరు 11న తిత్లీ మన పలాస వైపు తీరం దాటాయి. తుఫాను ఆ మంచినీటి మూతను చిలికి అడుగు నీటిని పైకి తెస్తుంది. మబ్బు విడిపోయాక కొన్నాళ్ళపాటు దాని దారిలో పచ్చచార కనిపించవచ్చు. వరదమట్టీ అదే వారంలో దిగుతుంది. తిత్లీకి పలాస వైపు ఉద్దానంలో కొబ్బరిచెట్లు ఒక్కరాత్రిలో పడిపోయిన ఏడాది సముద్రం లెక్క మామూలుగా ఉంటుందని అనుకోకూడదు. ఆ నెలలకు గుర్తు పెట్టండి, తీసేయకండి.

ఇప్పుడు ధోరణి. జనవరులన్నిటికీ సగటు కట్టి ప్రతి జనవరిలోంచి తీసేయండి, ఫిబ్రవరికీ అంతే, డిసెంబరు దాకా. రుతువులు పోయి హెచ్చుతగ్గులు మిగులుతాయి. వాటికి ఏడాదికొక సగటు కట్టండి. 1998 నుంచి 2024 దాకా 27 ఏళ్ళు. ఏ రెండేళ్ళనైనా కలుపుతూ గీత గీస్తే 351 జతలు వస్తాయి. ఆ 351 వాలుల్లో నడిమిది తీసుకోవడమే సెన్ వాలు. ఒక్క తుఫాను ఏడాది దాన్ని వంచలేదు. ఆ వాలు కాకతాళీయమా కాదా అన్నది మాన్-కెండాల్ పరీక్ష చెబుతుంది. పైథాన్‌లో రెండూ నాలుగైదు వరసల పని.

మొదటి ఏడాది మీద మాత్రం ఓ కన్ను వేయాలి. ఉపగ్రహ లెక్క మొదలైన 1997 శరత్తు మామూలు కాలం కాదు. అప్పుడు బలమైన ఎల్ నినోతో పాటు హిందూ మహాసముద్రంలో ఉష్ణోగ్రతల తూకం కూడా తారుమారై ఉంది, సుమత్రా వైపు సముద్రం అసాధారణంగా పచ్చబడింది. అక్కడి నుంచి మొదలుపెట్టి ఒకసారి, 1999 నుంచి ఒకసారి, 2003 నుంచి ఒకసారి వాలు కట్టండి. మూడింటిలో గుర్తు మారిపోతే అది ధోరణి కాదు, మొదలుపెట్టిన చోటు చేసే మాయ. వాతావరణ మార్పు వల్ల వచ్చిన ధోరణిని సహజ హెచ్చుతగ్గుల నుంచి విడదీయాలంటే సుమారు 40 ఏళ్ళ లెక్క కావాలని 2010లో స్టెఫనీ హెన్సన్ బృందం తేల్చింది. 1997కి 40 కలిపితే 2037. ఇప్పుడు మొదలుపెట్టే విద్యార్థి ఉద్యోగంలో స్థిరపడేసరికి ఆ ఏడాది వస్తుంది.

పుణె ఐఐటీఎంకి చెందిన రాక్సీ మాథ్యూ కోల్ బృందం 2016లో పశ్చిమ హిందూ మహాసముద్రంలో ఆరు దశాబ్దాల్లో ప్లవకాలు 20 శాతం దాకా తగ్గాయని చూపింది. ఆ అంకెను తెచ్చి శ్రీకాకుళానికి అంటించడం పత్రికల్లో చూస్తుంటాను. అది అరేబియా వైపు సంగతి. మన వైపు నదుల మూత, వసంతపు ఉబుకు, తుఫానులు వేరు, లెక్కా వేరేగా కట్టాల్సిందే. ఇంకో జాగ్రత్త: ఎండ ఎక్కువై, పోషకాలు తగ్గినప్పుడు కణం తనలోని పత్రహరితాన్నే తగ్గించుకుంటుంది. అంకె తగ్గినంత మాత్రాన మొక్కలు అంతే తగ్గాయని కాదు. వలసపోయే మత్స్యకారుల కష్టాన్ని ఈ ఒక్క గ్రాఫు మీద వేసి మాట్లాడటం కూడా నాకు ఇష్టం ఉండదు. వేట తగ్గడానికి వలలు, మరబోట్లు, రేవులు లేకపోవడం లాంటివెన్నో కారణాలున్నాయి.

హైదరాబాద్‌లోని ఇన్‌కాయిస్ ఇదే రంగునీ, నీటి వేడినీ చూసి చేపలు దొరికే చోట్ల సూచనలు తెలుగులో ఇస్తోంది. అది రేపటి వేట కోసం. పాతికేళ్ళ లెక్కకి తీరం పక్కనే ఉండి, నెలనెలా నీళ్ళు తీసే మనుషులు కావాలి. ఎచ్చెర్లలోనో, విజయనగరంలోనో ఒక కాలేజీ నెలకొకసారి ఒకే చోట, ఒకే పళ్ళెంతో ఈ పని పట్టుకుంటే చాలు.

మేం నీళ్ళ లెక్కలు రాసుకునే పుస్తకంలో మార్చి పేజీకి ఎండిన వడపోత కాగితం ఒకటి అంటించి ఉంది. గోధుమ బంగారు రంగు ఇంకా పూర్తిగా వెలిసిపోలేదు. పక్కన తేదీ, పొద్దున్న పదిన్నర, పళ్ళెం మాయమైన ముడి, పడవ నడిపినాయన చెప్పిన రెండు మాటలు: ‘పచ్చనీరు, జిగురు’. ఆ రోజు ఉపగ్రహం గడిలో అంకె లేదు. పైన మబ్బు.